నలభయ్యో గూడబాతు

తాడేపల్లిగూడెం,
7 ఏప్రిల్ 2025

కొల్లేటికోట అత్తయ్యకి మీ ప్రియ దణ్ణం పెట్టి రాస్తున్నది.

పెట్టె ఇంత తేలిగ్గా ఉందేమిటా అని ఆటో తోలే బెంజమిన్ దాన్ని దించేటప్పుడే అనుకుని ఉంటారు. అందులో సరుకేమీ లేదండీ, ఈ ఉత్తరం తప్ప. మన బొమ్మల కొట్టు నుంచి పెట్టె వెళ్తే లోపల ఉత్తరం ఉండి తీరాలన్నది నాన్నగారు పెట్టిన పద్ధతి. ఆయన పోయి మూడేళ్ళయినా నేను దాన్ని తప్పలేదు. పైగా ఫోన్ చేస్తే మీ చెవి మిషన్ కూతపెట్టడం, మీరు "ఆఁ, అలాగేనమ్మా" అనేసి పెట్టెయ్యడం మామూలే. మీకు ఏం వినబడిందో నాకు తెలియదు. ఈ సంగతి అలా గాల్లో పోకూడదు.

మొన్న పెద్దింట్లమ్మ జాతరకి మీ అంగడికి నలభై మెత్తటి బాతుబొమ్మలు పంపాను కదా. పసుపుపచ్చవి, నొక్కితే కీచుమంటాయి. ముక్కు పెద్దగా ఉందని మీరు వాటికి గూడబాతులని పేరు పెట్టి అమ్మారు. వాటిని ఇప్పుడు కంపెనీవాళ్ళు వెనక్కి పిలిపించుకుంటున్నారు. ప్లాస్టిక్ మెత్తబడడానికి కలిపే రసాయనం ఒకటి ఉండవలసినదానికంటే చాలా ఎక్కువ కలిసిందట. చేత్తో పట్టుకుని ఆడుకుంటే ఫరవాలేదు గానీ, పసిపిల్లలు నోట్లో పెట్టుకుని నములుతూ ఉంటే కొద్దికొద్దిగా ఒంట్లోకి దిగుతుందట. ఎదిగే వయసులో అది మంచిది కాదని రాశారు. నోటీసు కాయితం జత చేశాను, మావయ్యగారి చేత చదివించండి.

మిగిలినవీ, అమ్మినవీ అన్నీ ఈ పెట్టెలో వేసి పంపించండి. శ్రమ పెడుతున్నానని తెలుసు.

హర్షిణికి తొమ్మిదో నెల వచ్చింది. పాకుతోంది. శ్రీనాథ్ రోజూ ఏలూరు ఆఫీసుకి వెళ్ళి వస్తున్నారు. మేము క్షేమం.

మీ మేనకోడలు,
పద్మప్రియ

*

కొల్లేటికోట,
12 ఏప్రిల్ 2025

ప్రియమ్మా,

నీ పెట్టె అందింది, నీ దణ్ణమూ అందింది. పెట్టె తెరిచి చూసి మీ మావయ్య, "మేనకోడలు నీకు గాలి పంపించిందే" అన్నారు. ఆ మనిషికి నన్ను ఏడిపించడానికి ఒక వంక కావాలి.

నోటీసు ఆయన రెండుసార్లు చదివారు. సగం ఇంగ్లీషు, సగం ఎవరికీ అర్థంకాని తెలుగు. చివరికి, "ఏదో మందు వాసనట, అది పిల్లలకి పడదట" అని తేల్చారు. వాసనేనా, దానికింత హడావిడి ఎందుకమ్మా? మిగిలిన పదకొండు బాతులనీ చింతపండు పులుసులో ఒక పూట నానబెట్టి, కుంకుడు రసంతో ఇత్తడి బిందె తోమినట్టు తోమి, రెండు రోజులు డాబా మీద ఎండబెట్టాను. ఇప్పుడు ముక్కు దగ్గర పెట్టుకున్నా ఏ వాసనా లేదు. మన వీధిలో కొన్నవాళ్ళకి కూడా అలాగే చెయ్యమని చెప్పాను. అందరూ శుభ్రంగా కడిగి పిల్లలకి ఇచ్చేశారు. ఇంక నువ్వు నిశ్చింతగా ఉండు.

ఒక మాట అడుగుతాను, దాచకుండా చెప్పు. జాతరలో నా అమ్మకం నీకు నచ్చలేదా? ముసలిది అంగడి సరిగ్గా చూసుకోలేకపోతోందని అనుకుని, ఆ మాట మొహాన చెప్పలేక ఈ నోటీసూ అదీ పంపుతున్నావా? మీ నాన్న కూడా ఇంతే. చెప్పవలసింది ఒకటైతే చుట్టూ పది మాటలు తిప్పేవాడు.

చెరువుల్లో నీళ్ళు బాగా తగ్గిపోయాయి. ఎండ మండిపోతోంది. పిల్లకి నూనె రాసి నీళ్ళు పొయ్యి, సబ్బు ఎక్కువ వాడకు.

నీ అత్తయ్య,
మంగాయమ్మ

*

తాడేపల్లిగూడెం,
15 ఏప్రిల్ 2025

అత్తయ్యా,

దణ్ణాలు తరవాత. ముందు ఆ బొమ్మలు పిల్లల చేతుల్లోంచి తీయించెయ్యండి.

అది వాసన కాదండీ. పిండిలో నూనె కలిసిపోయినట్టు ఆ మందు ప్లాస్టిక్‌లోనే కలిసిపోయి ఉంది. పైన ఎంత తోమినా పోదు. మీరు నానబెట్టినందువల్ల అది ఇంకాస్త పైకి వచ్చి ఉంటుందేమోనని నా భయం. నాకు సరిగ్గా తెలియదు, తెలియకపోవడమే భయం. కడిగి ఇచ్చినవి ఇవాళే వెనక్కి తీసుకోండి. మీ వీధివాళ్ళకి మళ్ళీ చెప్పండి. నా మాటగా చెప్పండి, కావాలంటే నన్ను తిట్టమనండి.

మీ అమ్మకం నచ్చకపోవడమేమిటండీ. నలభైలో పదకొండు తప్ప అన్నీ మూడు రోజుల్లో అమ్మారు, నేను ఈ కొట్లో కూర్చుని నెల రోజులైనా అమ్మలేను. ఇది మీ మీద మాట కాదు. సరుకు చూసి తెప్పించింది నేను. మెత్తగా ఉన్నాయి, ముద్దుగా ఉన్నాయి అని మురిసిపోయి తెప్పించాను. తప్పేదైనా ఉంటే నాదే.

ఈ పెట్టెలో గుడ్డతో కుట్టిన బంతులు పంపుతున్నాను. బొమ్మ తీసుకున్న ప్రతి పిల్లకీ ఒకటి ఇవ్వండి.

ప్రియ

*

కొల్లేటికోట,
27 ఏప్రిల్ 2025

అమ్మా ప్రియా,

నువ్వు తప్పు తప్పు అని రాస్తే నాకు నవ్వొచ్చింది, తరవాత భయమేసింది. నువ్వు మామూలుగా తప్పు ఒప్పుకునే పిల్లవి కాదు కదా, మీ నాన్న పోలిక. అందుకని ఇంక ఆలోచించకుండా బయల్దేరాను.

ఎవరికి అమ్మానో కాయితం మీద లేదు గానీ నా బుర్రలో ఉంది. ఏ పిల్ల ఏ రంగు గౌను వేసుకొచ్చింది, ఏ తల్లి బేరమాడింది, ఏ తాతయ్య మనవడిని భుజాన ఎక్కించుకొచ్చాడు, అన్నీ చెప్పగలను. మన వీధివి ఆ పూటే తీసేశాను. చింతపండు పెట్టి తోమమని చెప్పిన నోటితోనే, తోమినా లాభంలేదు ఇచ్చెయ్యమని చెప్పడానికి ఎంత సిగ్గుపడ్డానో నీకు తెలియదు. ఒకావిడ, "మంగాయమ్మగారూ, రేపొచ్చి ఉడకబెట్టమంటారా" అని అడిగింది. అననీ అని ఊరుకున్నాను.

లంకల్లోవాటి కోసం మత్తయి పడవ మాట్లాడుకున్నాను. పిల్లల చేతిలోది ఊరికే లాక్కోకూడదు, చేతిలో ఇంకోటి పెట్టి తీసుకోవాలి. నువ్వు పంపిన బంతులు బాగా పనికొచ్చాయి. ఒక పిల్లాడు మాత్రం బంతి తీసుకుని బాతు ఇవ్వలేదు. రెండూ పట్టుకుని మంచం కిందికి దూరాడు. వాడితో బేరానికి నాకు గంట పట్టింది. మరొకాయన ఇంట్లో బాతు లేదన్నాడు. ఎక్కడుందయ్యా అంటే చేపలచెరువు చూపించాడు. కొంగల్ని బెదరగొడుతుందని తాడు కట్టి నీళ్ళలో వదిలాడట. నేను చూసేసరికి కొంగ దాని మీదే నిలబడి చేపల కోసం చూస్తోంది.

బడిలో పెర్సిస్ టీచరు చాలా సాయం చేసింది. నోటీసు తీసుకుని పిల్లలకి అర్థమయ్యేలా చదివి వినిపించింది. మర్నాడు తమ్ముళ్ళ బాతులూ చెల్లెళ్ళ బాతులూ పట్టుకుని పిల్లలే వరసకట్టారు. ఆ టీచరు చదివితే అంత తేలిగ్గా అర్థమైన కాయితం మీ మావయ్య చదివితే మందు వాసనెలా అయిందో నాకు తెలియడంలేదు.

పెట్టెలో సర్దేటప్పుడు చివరగా ఒకదాన్ని చేతిలో పట్టుకుని కాసేపు కూర్చున్నాను. దాని మొహం చూస్తే ముద్దొచ్చింది. ఏ పాపం తెలియనట్టు చూస్తోంది. అన్నీ పంపించేశాను తల్లీ. ఇంక ఒక్కటి కూడా లేదు. మోకాళ్ళు నొప్పులు పుడుతున్నాయి, నాలుగు రోజులు గుమ్మం దిగను.

అత్తయ్య

*

తాడేపల్లిగూడెం,
1 మే 2025

అత్తయ్యా,

మీ ఉత్తరం చదివి శ్రీనాథూ నేనూ నవ్వుకున్నాం. కొంగ సంగతి ఆయన ఆఫీసులో కూడా చెప్పారట. మీరు చేసిన పని ఏ కంపెనీవాడూ చెయ్యలేడు.

కానీ ఒక సంగతి. పెట్టెలో ముప్ఫై తొమ్మిది ఉన్నాయండీ. మూడుసార్లు లెక్కపెట్టాను. కొట్లో పనిచేసే అనిల్ కుమార్ చేత కూడా లెక్కపెట్టించాను. ఒకటి తక్కువ.

ఒకటి ముద్దొచ్చిందని రాశారు. ఉంచేసుకున్నారా? సెలవులకి మీ మనవడు సూర్యతేజ వస్తాడని అట్టేపెట్టారేమో అని అనుకుంటున్నాను. వాడు పదేళ్ళవాడు, నోట్లో పెట్టుకోడు, నిజమే. కానీ అది ఇంట్లో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఏ పసిపిల్ల చేతికో వెళ్తుంది. దయచేసి అదొక్కటీ పంపించెయ్యండి. బదులు మీకు ఏ బొమ్మ కావాలంటే అది ఇస్తాను.

ప్రియ

*

కొల్లేటికోట,
5 మే 2025

శ్రీమతి పద్మప్రియ గారికి,

మీ ఉత్తరం అందింది. నేను అమ్మినవి ఎన్నో, మిగిలినవి ఎన్నో నాకు తెలుసు. అన్నీ మీకు పంపించాను. నా దగ్గర ఏ బొమ్మా లేదు. అరవయ్యెనిమిదేళ్ళు వచ్చాక బొమ్మ దాచుకోవలసిన అవసరం నాకు లేదు. మనవడికి ఇవ్వదలుచుకుంటే కొనిచ్చే స్తోమత మాకు ఉంది.

ఇల్లంతా వెతుక్కోవాలంటే మీరే రావచ్చు. మావయ్యగారు తలుపు తీస్తారు.

ఇట్లు,
మంగాయమ్మ

*

తాడేపల్లిగూడెం,
8 మే 2025

మా అత్తయ్యకి,

మీరు నన్ను "గారు" అని, "మీరు" అని రాసిన ఆ కాయితం చదివి కొట్లోనే ఏడ్చేశాను. అనిల్ కుమార్ ఏమైందమ్మా అని కంగారుపడి సోడా తెచ్చాడు. చెంపదెబ్బ కొట్టినా ఇంత బాధపడేదాన్ని కాదు. అలా రాసినందుకు మిమ్మల్ని అననండీ. మిమ్మల్ని దొంగను చేసినట్టు రాసింది నేనే.

మీకు చెప్పని మాట ఒకటుంది. మీరు కంగారుపడతారని చెప్పలేదు. జాతరకి మీకు పంపిన పెట్టెతో పాటు వచ్చిన పెట్టెలోంచి ఒక బాతు నేను ఇంటికి తీసుకెళ్ళాను. హర్షిణికి చిగుళ్ళు దురద పెట్టే రోజులు. నలభై రోజులు అది దాని నోట్లోనే ఉందండీ. పాలు వద్దంటే వద్దనేది గానీ బాతు వద్దనేది కాదు. నోటీసు వచ్చిన రోజు నేను కొట్లో చదివి, కొట్టు అలాగే వదిలేసి ఇంటికి పరిగెత్తాను. నా చేత్తో ఇచ్చినదాన్ని నా చేత్తోనే దాని నోట్లోంచి లాగాను. బాతు ముక్కు సగం నమిలేసి ఉంది.

ఏలూరులో పిల్లల డాక్టరుకి చూపించాం. పిల్ల బాగానే ఉంది, ఎదుగుదల బాగుంది, ఇక ఆ బొమ్మ ఇవ్వకండి, భయపడకండి అన్నారు. భయపడకండి అంటే భయం పోతుందా? పిల్ల నిద్రలో కదిలినా లేచి చూస్తున్నాను.

అందుకే ఆ ఒక్కటీ వదలలేకపోతున్నాను. ఎక్కడో ఒక పిల్ల దాన్ని నములుతూ ఉంటుంది, వాళ్ళమ్మ నాలాగే మురిసిపోతూ చూస్తూ ఉంటుంది. ఆవిడకి ఎవరూ చెప్పలేదు. అదే నాకు కళ్ళముందు కనబడుతోంది.

నన్ను ఎన్ని తిట్టినా పడతాను. "ప్రియమ్మా" అని మాత్రం రాయండి.

మీ ప్రియ

*

కొల్లేటికోట,
11 మే 2025

ప్రియమ్మా, నా తల్లీ,

పిల్ల సంగతి ఇన్నాళ్ళు నీ కడుపులో పెట్టుకుని కూర్చున్నావా? నీకు మేనత్తని దేనికి? మీ అమ్మా లేదు, నాన్నా లేడు, ఇలాంటివి ఇంకెవరికి చెప్పుకుంటావు? చదివి నేను కూడా ఏడ్చాను. మీ మావయ్య సోడా తేలేదు గానీ మజ్జిగ ఇచ్చారు.

ఆ కోపపు ఉత్తరం చింపి పారెయ్యి. రాసిన మర్నాడే పోస్టుమాన్ని ఆపి వెనక్కి అడుగుదామనుకున్నాను. అప్పటికే వెళ్ళిపోయాడు.

నీ ఉత్తరం చదివాక మళ్ళీ మొదటి నుంచి జ్ఞాపకం చేసుకుంటూ కూర్చున్నాను. కొన్నవాళ్ళ మొహాలు లెక్కపెట్టాను, ఇరవయ్యెనిమిది. మిగిలినవి పదకొండు. ముప్ఫై తొమ్మిది దగ్గరే ఆగిపోయాను. అప్పుడు తట్టింది.

మా అత్తగారి నాటి నుంచి మా అంగడికి ఒక ఆనవాయితీ ఉంది. జాతరకి కొత్త సరుకు దింపితే తొలి వస్తువు అమ్మం. అమ్మవారి పాదాల దగ్గర పెట్టిస్తాం. ఆ పూట గుడికి అన్నప్రాశనకి వచ్చిన బిడ్డ ఉంటే పూజారిగారు దాన్ని ఆ బిడ్డ చేతిలో పెడతారు. అది అమ్మింది కాదు కాబట్టి నా లెక్కలోకి రాలేదు. కొన్న పిల్లలందరి వెనకా తిరిగాను గానీ, అందరికంటే పసిబిడ్డకి నేను ఊరికే ఇచ్చినది మర్చిపోయాను. నీ లెక్కే సరైనది, నాదే తప్పు.

పూజారిగారి పుస్తకంలో వెతికించాను. ఆడపిల్ల. తల్లి పేరు రమణి, ఊరు అత్తిలి. బిడ్డ తండ్రి రైసుమిల్లులో పనిచేస్తాడు. అప్పటికి ఆరో నెల, అంటే ఇప్పుడు ఎనిమిది దాటి ఉంటుంది. మన హర్షిణి కంటే కాస్త చిన్నది.

అత్తిలి నీకు దగ్గర. రేపే వెళ్ళు తల్లీ.

అత్తయ్య

*

తాడేపల్లిగూడెం,
14 మే 2025

అత్తయ్యా,

వెళ్ళాను. ఇవ్వలేదండీ.

ఇల్లు తేలిగ్గానే దొరికింది. రమణి మెత్తటి పిల్ల, ఇరవై రెండేళ్ళుంటాయి. కుర్చీ వేసి మంచినీళ్ళు ఇచ్చింది. మాట్లాడనిచ్చింది గానీ నిర్ణయం ఆ పిల్ల చేతిలో లేదు. వాళ్ళ అత్తగారు గుమ్మంలో నిలబడ్డారు. అమ్మవారి దగ్గరి నుంచి బొమ్మ వచ్చాకనే పిల్ల ఏడుపు తగ్గిందట, ఒళ్ళు చేసిందట. "అమ్మవారు చేతికిచ్చింది కొట్టువాళ్ళు వచ్చి అడిగితే ఇచ్చేస్తామా అండీ" అన్నారు. నోటీసు చూపించాను. "అమ్మవారి పాదాల దగ్గర పెట్టినదాంట్లో విషం ఉంటుందా, మీరే చెప్పండి" అన్నారు.

అప్పుడు తెలివితక్కువ పని చేశాను. మా ఇంట్లో కూడా పసిపిల్ల ఉందండీ, దాని గురించి నేను పడే బాధ చూసే అడుగుతున్నాను అన్నాను. అంతే, ఆవిడ మొహం మారిపోయింది. "ఓహో, మీ పిల్లకి బాగులేక ఈ బొమ్మ కోసం వచ్చారా" అన్నారు. కాదని ఎంత చెప్పినా వినలేదు. ఇంకో బొమ్మ కొనుక్కోండి అని, నన్ను పొమ్మనకుండానే పొమ్మన్నారు.

నేను అక్కడ ఉన్నంతసేపూ ఆ పిల్ల రమణి ఒళ్ళో కూర్చుని బాతు ముక్కు నములుతూనే ఉంది. నన్ను చూసి నవ్వింది కూడా. ఆ నవ్వుకి నేనేం చెయ్యను?

మీరే ఏదైనా చెయ్యాలి అత్తయ్యా. మీ మోకాళ్ళ సంగతి తెలిసి కూడా అడుగుతున్నాను.

ప్రియ

*

కొల్లేటికోట,
19 మే 2025

ప్రియమ్మా,

నిన్న మేమిద్దరం అత్తిలి వెళ్ళొచ్చాం. నీకు ముందు చెప్తే కారు పంపుతాను, వద్దు, ఎండ అని గోల చేస్తావని చెప్పలేదు. బస్సులో కూర్చోవడానికి చోటు దొరికింది, మోకాళ్ళు ఊరుకున్నాయి.

దారిలో మీ మావయ్య ఒక ఉపాయం చెప్పారు. "అమ్మవారు నీ కల్లోకి వచ్చి, నా బొమ్మ నాకు తెచ్చి ఇమ్మందని చెప్పవే. నువ్వు ఆ ఊరిదానివి, నీ మాట నమ్ముతారు. చేతులు జోడించి మరీ ఇస్తారు" అన్నారు. నిజమే, ఇచ్చేస్తారు. ఆకివీడు దాటేదాకా నేను కూడా అదే చెబుదామనుకున్నాను. తరవాత ఆలోచించాను. అమ్మవారు ఇచ్చినది వెనక్కి అడిగిందంటే ఆ తల్లి ఏమనుకుంటుంది? బిడ్డ మీద అమ్మవారికి దయ తప్పిందనుకోదూ? రేపు పిల్లకి జలుబు చేసినా అదేననుకుంటుంది. నీకు డాక్టరు భయపడకండి అన్నా భయం పోలేదు. ఆ తల్లికి నేను బతుకంతా ఉండే భయం పెట్టి రానా? వద్దనుకున్నాను.

ఆ అత్తగారు గట్టి మనిషి. నా ఈడుదే. నన్ను చూడగానే జాతరలో అంగడావిడ అని గుర్తుపట్టింది. మర్యాదగా కూర్చోబెట్టింది. నేను కుర్చీలో కూర్చోలేదు, చాప మీదే చతికిలబడ్డాను, మళ్ళీ లేవడానికి ఇద్దరు పట్టవలసి వచ్చిందనుకో. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"వదినగారూ, అమ్మవారికి ఇందులో ఏమీ లేదండీ. ఆవిడ బిడ్డకి ఇచ్చింది దీవెన. అది ఎక్కడికీ పోదు, ఎవరూ తీసుకోలేరు. బొమ్మ ఇచ్చింది నేను. పాదాల దగ్గర పెట్టేముందు అందులో ఏముందో చూసుకోవలసినదాన్ని నేను. చూసుకోలేదు. తరవాత మందు ఉందని తెలిసి కూడా వాసనేనని చింతపండు పెట్టి తోమాను. మా మేనకోడలు కూడా తన పిల్లకి ఇదే ఇచ్చింది, ఇప్పుడు నిద్రపోకుండా కూర్చుంటోంది. మీ కోడలు అలా కూర్చోకూడదని వచ్చాం" అన్నాను.

నా చెవి మిషన్ సరిచేసుకుని ఆవిడ మాట కోసం చూశాను. ఆవిడ కోడలి వైపు చూసింది, అంతే. అప్పుడు రమణి బిడ్డ చేతిలోంచి బాతు తీసి నా పక్కన చాప మీద పెట్టింది. ఆ పిల్ల ఎంత మెత్తనిదని నువ్వు రాసినా, ఆ పని చెయ్యడానికి అత్తగారి అనుమతి కోసం ఆగలేదు సుమా.

బాతుని ఈ పెట్టెలో వేశాను. గుడ్డలో చుట్టి ఉంది, విప్పి చూడకు. చూస్తే నీకు మళ్ళీ నీ పిల్ల జ్ఞాపకం వస్తుంది. లెక్కలో వేసుకుని పంపించెయ్యి. బిడ్డని మీ ఏలూరు డాక్టరుగారికి ఒకసారి చూపించుకోమని రమణికి చెప్పాను. నువ్వు తోడు వెళ్ళు. ఇప్పుడు వాళ్ళు రానిస్తారు.

నా చెయ్యి కాస్త నొప్పిగా ఉంది, అందుకే అక్షరాలు వంకర పోతున్నాయి. బాతు తీసేసరికి ఆ బిడ్డ ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. గుడ్డ బంతి ఇస్తే విసిరికొట్టింది. క్యారెట్ ముక్క ఇస్తే ఉమ్మేసింది. చిగుళ్ళు సలుపుతున్నాయి, దానికి మాత్రం ఏం తెలుసు. చేతులు సబ్బుతో కడుక్కుని, బిడ్డని నా ఒళ్ళోకి తీసుకుని, చూపుడువేలు నోటికిచ్చాను. కింద రెండు పళ్ళు వచ్చాయి ప్రియమ్మా, బియ్యపుగింజల్లా. గట్టిగా కొరికింది. రమణి కంగారుపడి తీసెయ్యండి అండీ, తీసెయ్యండి అంటోంది. నేను తియ్యలేదు. అది ఏడుపు ఆపి, నా మొహంలోకి చూస్తూ, అలాగే కొరుకుతూ నిద్రపోయింది.

నీ అత్తయ్య,
మంగాయమ్మ